తాళం ఉంటే మనిషి ఉన్నట్టే

మొదట రొద వినిపించింది. కిటికీ రేకు సన్నగా వణికింది. గ్లాసులో నీళ్ళు వణికాయి. మంచం మీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన మెరుపు గుండె కూడా వాటితో పాటే వణికింది. తెర వేసి ఉండడం వల్ల ఆకాశం కనబడలేదు. కనబడకపోయినా ఆ రొదను అతడు నిద్రలోనైనా పోల్చుకోగలడు. అది మంగళవారం పెర్త్ నుంచి వచ్చే విమానం. అందులో అతని భార్య కెర్రిన్ దిగుతుంది. అదే విమానంలో అతడు ఎక్కి ఇంటికి పోవాలి. పోకూడదని నిశ్చయించుకుని, సొంత గదిలోనే దొంగలా, బూట్లు విప్పి చంకలో పెట్టుకుని దాక్కున్నాడు.

మెరుపు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, గని పెట్టింది. పేర్లు పెట్టడంలో ఆ గనికొక ధర్మం ఉంది. మనిషిలో ఏది లేదో దాన్నే పేరుగా పెడతారు. అతని స్నేహితుడు బుల్లి, పక్కకు తిరిగితే గాని తలుపులో పట్టడు. అతని పై అధికారి ఉంగరాల డంకన్ నెత్తి మీద ఉంగరాలే కాదు, అసలు వెంట్రుకే మొలవదు. ఇక మెరుపు ఒక మరను బిగించడానికి కూర్చుంటే, అతడు బిగించేలోగా అది తుప్పుపట్టి తనంతట తానే బిగిసిపోతుందని ప్రతీతి.

ఆ మొగుడు రాళ్ళు నలిపే క్రషర్ దగ్గర ఫిట్టరు. ఆ పెళ్ళాం ఇనుప ఖనిజం మోసే డంపర్ నడుపుతుంది. ఇల్లంత ఎత్తు బండి, నిచ్చెన ఎక్కి కూర్చోవాలి. ఇద్దరిదీ ఒకే గని, ఒకే క్యాంపు. రెండు వారాలు గనిలో, రెండు వారాలు ఇంట్లో. కానీ అతడు గనిలో ఉన్నప్పుడు ఆమె ఇంట్లో, ఆమె గనిలో ఉన్నప్పుడు అతడు ఇంట్లో.

ఈ ఏర్పాటు ఏ కంపెనీ కుట్రో కాదు, సాక్షాత్తు మెరుపు బుర్రలో పుట్టిన ఆలోచన. “ఇద్దరం ఒకేసారి వెళ్తే టోఫీని ఎవరు చూస్తారు? వంతులు వేసుకుందాం,” అన్నాడు. టోఫీ వాళ్ళ కుక్క. నాటినుంచి ఆ ఇంట్లో ఇద్దరినీ చూసే భాగ్యం టోఫీకొక్కదానికే దక్కింది.

క్యాంపులో కూడా వాళ్ళకు ఒక్కటే రేకుల గది. పొద్దున అతడు ఖాళీ చేస్తే సాయంత్రం ఆమె చేరుతుంది. పక్క మీద ఇద్దరి ఒంటి గుంటలూ కలిసి ఒకే గుంట అయ్యాయి. మనుషులు మాత్రం కలవలేదు.

కలిసే చోటు ఒక్కటే ఉంది. విమానం దిగే మైదానం పక్కన, ఇనుప కంచెను ఆనుకుని, ఎర్రదుమ్ము పేరుకున్న ఒక రేకుల పందిరి. దిగేవాళ్ళ పెట్టెలు దించి, ఎక్కేవాళ్ళ పెట్టెలు ఎక్కించే వ్యవధిలో రెండు వారాల కాపురం అక్కడే ముగించాలి. అందులో ముద్దుకు ఒక పాలు, కుక్క కబుర్లకు ఒక పాలు, ఈగలు తోలుకోవడానికి ఒక పాలు. మిగిలిందంతా తగాదాకు.

పోయినసారి అతడు దిగాడు, ఆమె ఎక్కాలి. కంచె దగ్గర సంభాషణ ఇలా జరిగింది.

“గీజర్ బాగు చేయించావా?”

“మనిషి వస్తానన్నాడు కెర్రిన్.”

“ఏ జన్మలో?”

“ముందు ఒక్కసారి నవ్వొచ్చు కదా.”

“రెండు వారాలు చన్నీళ్ళు పోసుకో, నీకే తెలుస్తుంది నవ్వెక్కడికి పోతుందో. ఫ్రిజ్‌లో నాకేమైనా ఉంచావా?”

“సాసేజ్ ఉంచాను.”

“ఎప్పటిది?”

“నువ్వు నాకోసం ఉంచిందే.”

“అది నేనుంచింది కాదయ్యా. అంతకు ముందు నువ్వు నాకోసం ఉంచింది.”

ఆ క్షణాన ఇద్దరూ నవ్వవలసింది. మెరుపు నవ్వాడు కూడా. కెర్రిన్ నవ్వలేదు. కంచె తీగను వేళ్ళతో పట్టుకుని, విమానం వైపు చూస్తూ మాట్లాడింది.

“ఇంటికి పోతే నీ వాసన ఉంటుంది, నువ్వుండవు. ఇక్కడికొస్తే నీ గుంట ఉంటుంది, నువ్వుండవు. మొగుడు పోయినదాని బతుకు కూడా ఇలాగే ఉంటుంది. కాకపోతే దానికి జనం పలకరించడానికైనా వస్తారు.”

“అంత మాటలెందుకు?”

“జెరాల్డ్‌టన్‌లో అక్క బేకరీలో మనిషి కావాలంటోంది. పైన గది కూడా ఇస్తుందట. ఈ రెండు వారాలు ఆలోచించుకుంటాను. వచ్చినరోజు, ఇదిగో, ఈ కంచె దగ్గరే చెబుతాను. ఉంటానో, పోతానో.”

“పోవడమంటే... ఉద్యోగంలోంచా?”

“నీలోంచి,” అని, సంచి భుజాన వేసుకుని, వెనుదిరగకుండా మెట్లెక్కింది.

*

ఆ రెండు వారాలు మెరుపు తిన్నది ఒంటబట్టలేదు. గనిలో ఎవరి ముఖం చూసినా బేకరీయే కనబడింది. ఒకనాటి సాయంత్రం క్యాంటీన్లో బుల్లి ఎదుట కూర్చుని బీరు నురగలో తన భవిష్యత్తు చూసుకుంటుండగా బుల్లి అడిగాడు.

“ఏరా, చచ్చిన గొడ్డులా అలా ఉన్నావేం?”

“కెర్రిన్ వదిలేస్తుందిరా.”

“నిన్నెప్పుడు పట్టుకుంది వదిలేయడానికి? మీరిద్దరూ ఒకచోట కూర్చుని తిన్నది నేనెప్పుడూ చూడలేదే.”

“అదేరా జబ్బు! మూడు రోజులు, ఒక్క మూడు రోజులు ఒకచోట ఉంటే చాలు. కంచె దగ్గర నిలబడి చెప్పే మాట వేరు, కడుపునిండా తిని కూర్చుని చెప్పే మాట వేరు. నేను ఆ మంగళవారం విమానం ఎక్కకపోతే, మళ్ళీ శుక్రవారం దాకా ఇంకో విమానం లేదు. ఆ మూడు రోజులూ టోఫీకి పక్కింటివాళ్ళు తిండి పెడతారులే.”

“ఎక్కనంటే డంకన్ ఊరుకుంటాడా? నీ మంచానికి వేరే లెక్క, నీ భోజనానికి వేరే లెక్క. మెడపట్టి ఎక్కిస్తాడు.”

“వాడే నన్ను ఆపేలా చేయాలి.”

బుల్లి గ్లాసు దించాడు. ఇద్దరి చూపులూ ఒకేసారి మెరుపు నడుముకు వేలాడుతున్న ఎర్రతాళం మీద పడ్డాయి.

ఆ తాళం సంగతి చెప్పుకోవాలి. గనిలో ఏ యంత్రంలోకి దిగి పనిచేయాలన్నా, దిగేవాడు ముందుగా దాని మీటకు తన సొంత తాళం వేయాలి. తాళానికి అతని ఫొటో, పేరు ఉన్న బిళ్ళ వేలాడుతుంది. అది ఉన్నంతసేపు ఆ యంత్రాన్ని ఎవరూ కదిలించకూడదు. వేసిన చెయ్యి తప్ప మరో చెయ్యి దాన్ని తీయకూడదు. ప్రధానమంత్రి వచ్చినా అంతే, పరలోకం నుంచి కబురొచ్చినా అంతే. తాళం ఉంటే మనిషి ఉన్నట్టే. ఉద్యోగంలో చేరిన పొద్దున ప్రతివాడి చెవిలో మొదట ఊదే మంత్రం అది. ఎక్కడో, ఎప్పుడో, తాళం లేక నలిగిపోయినవాళ్ళ ప్రాణాలు పెట్టి కొనుక్కున్న మంత్రం కాబట్టి దాంతో ఎవడూ వేళాకోళం ఆడడు.

“పోయినేడు ఆలిస్టర్ తాళం మరిచిపోయి విమానం ఎక్కేశాడు గుర్తుందా?” అన్నాడు బుల్లి. “కూతురి పుట్టినరోజు కేకు మీద కత్తి పెట్టినవాణ్ణి పెట్టినట్టే వెనక్కి పిలిపించారు. వచ్చి తాళం తీసేదాకా కన్వేయర్ బెల్టు కదల్లేదు.”

“నేనూ మరిచిపోతాను,” అన్నాడు మెరుపు.

“దేనిమీద?”

“క్రషర్ మీద.”

“అంత పెద్దదెందుకురా?”

“చిన్నదానిమీద వేస్తే ఎవడు చూస్తాడు? మనిద్దరి తాళాలూ వేసి పని ముగిస్తాం. నీది నువ్వు తీస్తావు. నాది ఉంటుంది. మైదానం దగ్గర నేను విమానం మెట్టు మీద కాలు పెట్టగానే డంకన్ ఫోను చేసి, ‘ఒరేయ్ మతిమరుపు వెధవా, దిగు!’ అంటాడు. దిగుతాను. ఇటు వచ్చేలోగా అటు విమానం పోతుంది. నాలుగు తిట్లు, శుక్రవారం దాకా పెళ్ళాం.”

“చాలా తెలివైన ఉపాయం,” అన్నాడు బుల్లి. బుల్లి మెచ్చుకున్న ఉపాయమేదీ అంతవరకు ఫలించిన చరిత్ర లేదు. ఆ సంగతి మెరుపుకు ఆ వేళ గుర్తు రాలేదు.

*

ఉపాయం అక్కడితో ఆగి ఉంటే బహుశా బతికి బట్టకట్టేది. కానీ మెరుపు మంగళవారం పొద్దున దానికి మెరుగులు దిద్దాడు. డంకన్ దగ్గర వేగంగా పోయే జీపుంది. తాళం తీయించి, మళ్ళీ ధూళి రేపుకుంటూ తీసుకొచ్చి, మూసేస్తున్న తలుపులోంచి విమానంలోకి విసిరేయగల సమర్థుడు. కాబట్టి విమానం గాలిలోకి లేచేదాకా తాను ఎవరికీ దొరకకూడదు.

అందుకని అతడు క్రషర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర కార్డు చూపించలేదు. క్యాంటీన్ సరుకుల బండి వెనుక, ఉల్లిపాయల బస్తాల నడుమ కూర్చుని క్యాంపుకు చేరాడు. ఫోను ఆపేశాడు. ఈ సవరణ బుల్లికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు గదిలో మంచం కింద ఒక పెట్టెలో మటన్ చాప్స్ ఉన్నాయి. వంటవాణ్ణి బతిమాలి తెచ్చినవి. దోమలను తోలే కొవ్వొత్తి ఒకటి ఉంది. క్యాంటీన్ బల్ల మీద నుంచి ఎత్తుకొచ్చిన ప్లాస్టిక్ గులాబీ ఉంది. దానిమీది ఎర్రదుమ్మును చొక్కా అంచుతో తుడిచినకొద్దీ గులాబీ రంగు వెలిసిపోయింది. అదంతా దుమ్ము రంగేనని అప్పుడు తెలిసింది.

రొద తగ్గింది. విమానం దిగింది. ఈపాటికి కెర్రిన్ కంచె దగ్గరికి వచ్చి ఉంటుంది. పందిరి కింద తన కోసం చూస్తూ ఉంటుంది. ఆమె ఆ మాటను పట్టుకుని వస్తోంది. అందుకోవడానికి తాను అక్కడ లేడు. లేకపోవడమే మంచిది అనుకున్నాడు. చెప్పడానికి మనిషి దొరకకపోతే ‘పోతాను’ అన్న మాట ఎలా చెబుతుంది?

మళ్ళీ రొద. ఈసారి పెరిగి, పెరిగి, నెత్తిమీదుగా సాగి, సన్నగిల్లి, సున్నా అయింది. విమానం పోయింది!

మెరుపు మంచం మీద లేచి నిలబడి ఒక గంతు వేశాడు. నిక్కరు తొడుక్కున్నాడు, రబ్బరు చెప్పులు వేసుకున్నాడు, వంటవాడి ఏప్రన్ కట్టుకున్నాడు. గదుల వరుస చివర ఉన్న ఇనుప పొయ్యి వెలిగించి, చాప్స్ పరిచాడు. కొవ్వు చిటపటలాడింది. రెండు వారాల్లో మొదటిసారి అతనికి ఆకలి వేసింది.

అప్పుడు సైరన్ మోగింది.

అది అలవాటు చేయించడానికి మోగించే సైరన్ కాదు. ఆగలేదు. కొండలకు తగిలి తిరిగొచ్చి మళ్ళీ మోగింది. గనిలో డంపర్ల గర్జన ఒక్కొక్కటిగా అణగారి, చివరికి ఈగల చప్పుడు వినబడేంత నిశ్శబ్దమైంది.

కెర్రిన్ గని రక్షణ దళంలో ఉంది. ఆమె పాత చేతిరేడియో ఒకటి గదిలో అరమీద ఉంటుంది. మెరుపు దాన్ని తెచ్చి, పొయ్యి పక్కన పెట్టుకుని, చాప్స్ తిరగేస్తూ విన్నాడు.

“అందరూ వినండి. క్రషర్ దగ్గర అత్యవసర స్థితి. ఒక మనిషి లెక్కకు రాలేదు. అన్ని బండ్లూ ఉన్నచోట ఆపండి. అందరూ హాజరు స్థలాలకు చేరండి. రేడియోలో ఎవరూ పేరు పలకకూడదు. ఇంటివాళ్ళకు కబురు అందలేదు.”

మెరుపు టోపీ తీశాడు. “ఎవరి మొగుడో పాపం,” అన్నాడు పైకే. “అయ్యో! ఇంటిదగ్గర ఏ తల్లి ఎదురుచూస్తోందో.” అతనికి నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. పొగ కొంత కారణం.

“మీట మీద తాళం ఉంది. మనిషి విమానం ఎక్కలేదు, గేటు దాటలేదు, ఫోను పలకడం లేదు. లోపలే ఉన్నాడని అనుకుని వెతుకుతున్నాం.”

“తాళం వేసుకుని కూడా పోయాడంటే విధి రాత,” అని తల ఊపాడు. ఒక చాప్ తిరగేశాడు. రెండోది తిరగేశాడు. మూడోదాని మీదికి పటకారు వెళ్ళి, అక్కడే గాలిలో ఆగిపోయింది. మెరుపు మెరుపే, తెలియవలసింది అతనికి తన వేగంతోనే తెలిసింది.

“రెస్క్యూ రెండు మాట్లాడుతున్నాను,” అంది రేడియోలో ఒక గొంతు. ఎక్కడున్నా పోల్చుకోగల గొంతు, కెర్రిన్‌ది. “బస్సు నుంచి నేరుగా వచ్చాను. తాళం చూశాను. బిళ్ళ చూశాను. క్రషర్ గొట్టంలోకి నేను దిగుతాను.”

“రెస్క్యూ రెండు, నువ్వు వద్దు. ఇంకొకర్ని పంపుతాం.”

“నడుముకు తాడు కట్టేశారు. దిగుతున్నాను.”

మెరుపు రేడియో మీట నొక్కాడు. “కంట్రోల్! కంట్రోల్! నేను బతికే ఉన్నాను!”

“ఎవరది? అందరూ బతికే ఉన్నారు. లైను ఖాళీ చెయ్.”

“అది కాదు, పోయింది నేనే!”

“ఎక్కడికి పోయావో అక్కడే ఉండు. తాగినవాళ్ళ చేతికి రేడియో ఎవరిచ్చారు? లైను ఖాళీ చెయ్యమన్నానా!”

“అయ్యా, ఆ క్రషర్‌లో ఉన్న శవాన్ని నేనేనయ్యా!”

టక్కున లైను తెగిపోయింది. మెరుపు పరిగెత్తాడు. ఏప్రన్ ఎగురుతూ, చెప్పులు టపటపలాడుతూ, చేతిలో పటకారుతో, జీవితంలో మొదటిసారి తన పేరుకు తగినట్టు పరిగెత్తాడు. చూసి మెచ్చుకోవడానికి దారిలో ఒక్కడూ లేడు.

*

గని గేటు దగ్గర మోరీన్ కూర్చుని ఉంది. ఆమె ఎవరినైనా ‘బంగారం’ అనే పిలుస్తుంది. ఎవరినీ నిబంధన తప్పి లోపలికి పంపదు.

“మోరీన్! తలుపు తియ్యి, తొందరగా!”

“ఎక్కడికి బంగారం, నిక్కరుతో? పొడుగు ప్యాంటు ఏది? బూట్లేవి? మెరిసే చొక్కా ఏది?”

“లోపల వెతుకుతున్నది నాకోసమే!”

మోరీన్ కళ్ళజోడు సర్దుకుని తెర మీద చూసింది. “లేదే. నువ్వు లోపలున్నావని ఉంది బంగారం. పొద్దున లోపలికి పోయావు. బయటికి రాలేదు.”

“వచ్చాను! ఉల్లిపాయల బండిలో వచ్చాను!”

“ఉల్లిపాయలు వచ్చినట్టుంది. నువ్వొచ్చినట్టు లేదు. లోపలున్న మనిషిని మళ్ళీ లోపలికి ఎలా పంపను చెప్పు? ఒక మనిషి రెండుసార్లు ఉంటే నా ఉద్యోగం పోతుంది.”

“నన్ను చూడు, మోరీన్! నేను! ఎదురుగా నిలబడి ఉన్నాను!”

“చూస్తూనే ఉన్నాను బంగారం. కాని తాళం అక్కడుంది కదా.”

మెరుపు అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. ఎర్రదుమ్ము మెత్తగా లేచి అతని మీద కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఇందాకటిలా పొగ వల్ల కాదు. “మోరీన్,” అన్నాడు. “దాంట్లోకి దిగింది నా పెళ్ళాం. నాకోసం దిగింది. పైన గోడలకు అంటుకున్న రాళ్ళు ఎప్పుడు జారతాయో ఎవరికీ తెలియదు. వాటిని ఎన్నిసార్లు గోకానో నాకు తెలుసు.”

మోరీన్ మళ్ళీ తెర వైపు చూడలేదు. లేచి, లోపలినుంచి ఒక ప్యాంటు, ఒక చొక్కా, జత బూట్లు తెచ్చి విసిరింది. అన్నీ ఆమెవే. “తొడుక్కో. బండెక్కు,” అంది. దారి పొడుగునా ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో రేడియో పట్టుకుంది. “గేటు నుంచి మోరీన్. తాళం వేసిన మనిషి నా పక్కన కూర్చున్నాడు. బతికే ఉన్నాడు. ప్యాంటు మాత్రం నాది.”

*

క్రషర్ గట్టుమీద అందరూ నిలబడి ఉన్నారు, అందరి చూపులూ మెరుపు మీదే. ఎవరైనా తిడితే బాగుండునని అతనికి అనిపించింది. డంకన్ నున్నటి తల తెల్లగా ఉన్నది కాస్తా నెమ్మదిగా ఎర్రబడుతోంది. బుల్లి రాతిమీద కూర్చుని, తనంత మనిషికి ఏ మూలకూ చాలని రుమాలులో ముఖం దాచుకుని ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. మెరుపును చూసి లేచి, కౌగిలించుకుని, వెంటనే చెంప మీద ఒకటి వాయించాడు.

“విమానం దగ్గర ఉంటానన్నావు కదరా! అక్కడ లేకపోతే నిజంగానే లోపల పడ్డావనుకున్నాను!”

“కెర్రిన్ ఏది?”

బుల్లి గొట్టం నోటివైపు చూపాడు. తాడు లోపలికి బిగువుగా దిగి ఉంది. లోపలినుంచి, ఉక్కు గోడలకు తగిలి రెండింతలై, ఒక గొంతు వినబడుతోంది.

“...సోమరి మొద్దు! గీజర్ బాగు చేయించకుండా చస్తావా? ఎవడిని అడిగి చస్తావు? కుక్కకు ఏం చెప్పమన్నావు? నేను కంచె పట్టుకుని బస్సువాడు హారన్ కొట్టేదాకా నిలబడ్డాను. అందరి మొగుళ్ళూ వచ్చారు. అందరూ ఎక్కారు. ‘మీవాడు రాలేదా?’ అని ప్రతివాడూ అడిగేవాడే!”

మెరుపు మోకాళ్ళ మీద కూలి గొట్టంలోకి వంగబోయాడు. బుల్లి భుజం పట్టి ఆపాడు.

“ఆగరా. ఆమెకు తెలుసు. మోరీన్ రేడియోలో చెప్పింది అక్కడ కూడా వినబడింది.”

“తెలిసి తిడుతోందా?”

“తెలిశాకే మొదలెట్టింది.”

“మరి అంతకు ముందు?”

బుల్లి రుమాలు మడతపెట్టాడు. “అంతకు ముందు మాట లేదురా. సుత్తితో ఉక్కు మీద కొట్టడం, చెవి ఆనించి వినడం. కొట్టడం, వినడం. అంతే. ఇక్కడ మేమెవరం ఊపిరి తీసుకోలేదు.”

తాడు కదిలింది. ఇద్దరు పట్టి పైకి లాగారు. కెర్రిన్ బయటికి వచ్చింది. శిరస్త్రాణం నుంచి బూట్ల దాకా ఎర్రటి దుమ్ము. రెండు చెంపల మీదా నిలువుగా కడిగినట్టు రెండు చారలు. మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. మోరీన్ ప్యాంటు చూసింది. ఏప్రన్ చూసింది. చేతిలో పటకారు చూసింది.

“ఏం వండావు?”

“చాప్స్.”

“ఏమయ్యాయి?”

“మాడిపోయి ఉంటాయి.”

“బొగ్గయి ఉంటాయి. నీ ఉపాయాలన్నీ అలాగే అవుతాయి. ఎందుకు చేశావిదంతా?”

“శుక్రవారం దాకా... నీతో ఉందామని.”

గట్టుమీద ఎవరో దగ్గారు. కెర్రిన్ శిరస్త్రాణం విప్పింది.

“ఉండు,” అంది. “బాగానే ఉండు. నాకీసారి రాత్రి షిఫ్టు వేశారు. సాయంత్రం నేను బండెక్కితే పొద్దున దిగుతాను.”

“పగలైనా...”

“పగలు నాతో ఉంటాడు,” అన్నాడు డంకన్. మెరుపు వైపు తిరిగాడు. “పగలంతా నా గదిలో కూర్చుని ఏం చేశావో, ఎందుకు చేశావో, ఒకటికి పదిసార్లు చెబుతావు. శుక్రవారం విమానంలో పోతావు. మళ్ళీ వస్తావో రావో నా చేతిలో లేదు. ఈ గని పుట్టాక ఆ తాళాన్ని ఎవడూ ఆటవస్తువు చేయలేదు. ఆమెను అందులోకి దింపావు నువ్వు. అది గుర్తుంచుకో. ఇప్పుడు పోయి నీ తాళం తియ్యి.”

మెరుపు మీట దగ్గరికి నడిచాడు. తన ఫొటో తన్ను చూసి నవ్వుతోంది, చేరిన రోజు తీసిన నవ్వు. తాళంచెవి కన్నంలో పడడం లేదు. కెర్రిన్ వచ్చి పక్కన నిలబడింది, సాయం పట్టలేదు. పట్టకూడదు, వేసిన చెయ్యే తీయాలి.

“కెర్రిన్,” అన్నాడు తల ఎత్తకుండా. “కంచె దగ్గర చెబుతానన్న మాట...”

“కంచె దగ్గరే పడిపోయింది. ఎత్తుకోవడానికి నువ్వు లేవుగా.”

“ఏమిటది? పోతాననా?”

తాళం క్లిక్కుమంది. అతడు దాన్ని ఊడదీసి అరచేతిలో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఉద్యోగం పోయినట్టే. పరువు పోయింది. ఈ మిగిలినది కూడా పోతే, ఇంట్లో కుక్కకు ఎలా చెప్పాలో ఆలోచించడానికి ప్రయత్నించాడు, కుదరలేదు.

ఆమె భుజం మీద రేడియో గరగరలాడింది.

“కంట్రోల్ నుంచి రెస్క్యూ రెండుకు. తాళం తీశారా?”

“తీశారు.”

“దొరికిన మనిషిని మీ కళ్ళతో చూసి గుర్తించారా?”

“గుర్తించాను.”

“లెక్క మూసేయాలంటే పేరు రేడియోలో చెప్పాలి. దగ్గరి బంధువుకు కబురు అందిందా? అందకపోతే పేరు పలకవద్దు.”

కెర్రిన్ మీట మీద వేలు పెట్టింది, నొక్కలేదు. గని అంతటా ఆగిపోయిన డంపర్లలో, హాజరు స్థలాల్లో, గేటు దగ్గర, క్యాంటీన్లో ప్రతి రేడియో వింటోంది. మెరుపు ఆమె వేలినే చూస్తున్నాడు. దగ్గరి బంధువు ఎవరని చెబుతుంది? తన అమ్మనా, తన అన్ననా, జెరాల్డ్‌టన్ పోయేది కాబట్టి ఎవరూ లేరనా?

వేలు దిగింది.

“అందింది. దగ్గరి బంధువు ఇక్కడే ఉంది. భార్యను నేనే.”

కంట్రోల్ గొంతు మెత్తబడింది.

“అయితే పేరు చెప్పమ్మా.”

ఆమె మొగుడి వైపు చూసింది. అతని ఏప్రన్ మీద నూనె మరక, ముక్కు మీద మసి, గుప్పిట్లో తాళం. పెదవి కొరుక్కుంది. అది నవ్వు ఆపుకోవడమో ఏడుపు ఆపుకోవడమో, ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా అతనికి తెలియలేదు.

“క్లిఫర్డ్,” అంది. దుమ్ము మింగి, గొంతు సవరించుకుని, గని అంతటికీ వినబడేలా మళ్ళీ అంది.

“నా మొగుడు. క్లిఫర్డ్ పెండల్.”